ప్రభువు బల్ల దగ్గరికి, చిక్కడపల్లి మీదుగా

హైదరాబాద్ వెళ్లొచ్చానంటే మా రేపల్లెలో మొదట అడిగేది చార్మినార్ ఎక్కావా అని. తర్వాత జూపార్కు, ఆ తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియం. నేను వారం పైగా ఉండి, ఆ మూడింటిలో ఒక్కటీ చూడకుండా వచ్చాను. చూసిందల్లా చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ. ఒకదాన్నుంచి ఒకదానికి నడిచిపోగలిగిన పేటలు. ఇది విని మా స్కూల్లో టీచర్లు నవ్వారు. నవ్వనీ. చూడవలసింది చూసే వచ్చాననుకుంటున్నాను.

నాతో వచ్చింది మా నాన్న. మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు, మా చర్చి సంఘంలో పెద్ద. మేం వెళ్లింది మా అమ్మాయి ప్రసన్న దగ్గరికి. డిగ్రీ అయ్యాక గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటానని అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటోంది. ఆ తాతకూ మనవరాలికీ అప్పటికి రెండేళ్లుగా మాటల్లేవు.

కారణం బయటివాళ్లకు చిన్నదిగా కనిపించవచ్చు. మాది పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే సంఘం. ప్రసన్న నెలల పిల్లగా ఉన్నప్పుడు దాన్ని ఎత్తుకుని గుడిలో నిలబడింది మా నాన్నే. పాస్టరు అయ్యగారు దాని తల మీద నీళ్లు పోస్తుంటే అది ఏడవకుండా ఆయన వేలు పట్టుకుందని చాలాకాలం చెప్పుకునేవారు. హైదరాబాద్ వచ్చాక అది కుర్రకారు ఎక్కువగా ఉండే ఒక కొత్త క్రైస్తవ సహవాసంలో చేరింది. అక్కడ నీళ్లలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకుంది. ఆ క్రిస్మస్‌కు ఇంటికొచ్చినప్పుడు భోజనాల దగ్గర సంతోషంగా ఈ సంగతి చెప్పింది.

"అయితే నేను ఎత్తుకుని ఇప్పించింది బాప్తిస్మం కాదా?" అన్నారు నాన్న.

"పసిపిల్లలకు ఇవ్వమని బైబిల్లో ఎక్కడుందో చూపించు తాతయ్యా" అంది అది.

చదువుకునే పిల్ల అడిగే ప్రశ్నే. ఆయన మాత్రం కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. మర్నాటి నుంచి ఒకరి ఎదుట ఒకరు పడకుండా తిరగడం మొదలైంది. తర్వాత అది ఇంటికి రావడమే తగ్గించింది. నేను ఇటు చెప్పింది అటు, అటు చెప్పింది ఇటు మోస్తూ ఉండిపోయాను.

అలాంటిది ఆ జూలైలో ఒక సాయంత్రం ఆయనే పిలిచి, "ప్రసన్నను చూసొద్దాం, టిక్కెట్లు తీయించు" అన్నారు. ఎందుకని అడిగాను. అప్పటికే చేతికర్ర తీసుకుని వాకిట్లోకి నడిచారు.

చిక్కడపల్లి

సికింద్రాబాద్‌లో రైలు దిగి సిటీ బస్సెక్కాం. మా ఊరి బస్సుల్లో కండక్టరు మన దగ్గరికి వస్తాడు. ఇక్కడ జనమే చిల్లర చేతి నుంచి చేతికి దాటిస్తారు, టిక్కెట్టు అదే దారిన వెనక్కి వస్తుంది. ముక్కూ మొహం తెలియని నలుగురి చేతులు దాటి వచ్చిన టిక్కెట్టును నాన్న కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. పట్నంలో నమ్మకం లేదంటారుగానీ ఇదేమిటి మరి అన్నారు.

మేం దిగింది రత్నమ్మక్క ఇంట్లో. ఆవిడ మా పెద్దక్కతో గుంటూరులో నర్సు ట్రైనింగ్ చదివింది. సొంతూరు మహబూబ్‌నగర్ పక్క పల్లె. ఉద్యోగం అంతా ఇక్కడే చేసి రిటైరైంది, భర్త పోయాక చిక్కడపల్లి గల్లీలో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉంటోంది. గల్లీ ఎంత ఇరుకంటే, ఎదురింటి రేడియోలో వార్తలు మన ఇంట్లో కూర్చుని వినవచ్చు. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన పూట ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వరసలో నిలబడతాయి. కాలవ గట్టున పుట్టిన మాకు చెంబు నీళ్లు కూడా అడిగి వాడుకోవడం మొదటిరోజు బిడియంగా ఉండింది.

"గంత ఆలోచన చెయ్యకు చెల్లె" అంది రత్నమ్మక్క. "నీళ్లయిపోతే పక్కింట్ల అడుగుత. వాళ్లకయిపోతే నన్నడుగుతరు."

మధ్యాహ్నం అన్నంలోకి ఆవిడ పోసిన పులుసు చల్లగా ఉంది. ఉల్లిపాయ ముక్కలు పచ్చిగా తేలుతున్నాయి. నాన్న ఒక ముద్ద తిని, ఆతిథ్యం ఇచ్చినవాళ్లను నొప్పించకూడదని చాలా మెల్లగా, "అమ్మా, చారు పొయ్యి మీద పెట్టడం మర్చిపోయినట్టున్నావు" అన్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అది కాగేది కాదట, పచ్చిపులుసట. రెండో రోజుకల్లా ఆయనే అడిగి పోయించుకున్నారు.

సాయంత్రం నారాయణగూడ చౌరస్తాకు నడిచి ఇరానీ హోటల్లో టీ తాగాం. రెండు రూపాయలకు కప్పు నిండా, పైన మీగడ. ఉప్పగా తియ్యగా ఉండే బిస్కెట్ ఒకటి విడిగా ఇస్తారు. మా వైపు టీ నిలబడి తాగి వెళ్లిపోతాం. ఇక్కడ ఒక కప్పు ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. మా బల్ల దగ్గరే కూర్చున్న ముసలాయన ఉర్దూలో నాన్నతో ఏదో మాట్లాడాడు. నాన్న తెలుగులో బదులిచ్చారు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే తెలిసింది. కాళ్ల నొప్పుల గురించని మాత్రం మోకాళ్లు చూపించుకోవడంతో నాకు అర్థమైంది.

అశోక్‌నగర్

మర్నాడు ప్రసన్న హాస్టల్‌కు వెళ్లాం. అశోక్‌నగర్ వీధుల్లో నడుస్తుంటే ఊరు మొత్తానికీ రేపే పరీక్ష ఉన్నట్టుంటుంది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పిల్లలు గోడలకు ఆనుకుని, మెట్ల మీద, గ్రంథాలయం చెట్ల కింద చదువుతూ ఉంటారు. జిరాక్స్ షాపుల ముందు క్యూలు. ఇడ్లీ బండి దగ్గర ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో పుస్తకం. రాజ్యాంగంలో ఏ సవరణ ఎప్పుడొచ్చిందని ఇద్దరు కుర్రాళ్లు పోట్లాడుకుంటుంటే, చట్నీ వేస్తున్న బండివాడు మధ్యలో తీర్పు చెప్పబోయి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు.

హాస్టల్ వరండాలో ప్రసన్న ఎదురుచూస్తూ ఉంది. చిక్కిపోయింది. నన్ను గట్టిగా పట్టుకుంది. తాతయ్య వైపు తిరిగి చేతులు జోడించి "వందనాలు తాతయ్యా" అంది, సంఘంలో కొత్తవాళ్లకు చెప్పినట్టు. ఆయన "బాగున్నావా" అన్నారు, అంతే మర్యాదగా. ఆ తర్వాత ఇద్దరూ నా ద్వారానే మాట్లాడారు. తాతయ్యకు మంచినీళ్లు కావాలేమో అడుగమ్మా అని అది. గది గాలి వచ్చేదేనా అడుగు అని ఆయన. మధ్యలో నేను తెచ్చిన సున్నుండల డబ్బా తెరిచి ఇద్దరి చేతుల్లోనూ చెరొకటి పెట్టాను. నోట్లో సున్నుండ ఉన్నంతసేపూ మాట్లాడనక్కర్లేదు కదా.

బయల్దేరేటప్పుడు ప్రసన్న నాతో, ఆదివారం మా ఆరాధనకు వస్తావా అమ్మా అంది. నన్ను ఒక్కదాన్నే అడిగినట్టు అడిగింది. నేను నోరు తెరిచేలోగా నాన్న, "వస్తాను" అన్నారు. అది ఆయన మొహంలోకి సూటిగా చూసింది ఆ ఒక్కసారే.

నారాయణగూడ, ఆదివారం

సహవాసం నారాయణగూడ కూరగాయల మార్కెట్ దాటాక, ఒక బడి మేడ మీది హాల్లో. మెట్ల కింద చెప్పుల గుట్ట. లోపల జంబుఖానాలు పరిచి, ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు. దాదాపు అందరూ ఇరవైల్లోవాళ్లే. గిటారు, కీబోర్డు, డ్రమ్ములు. మా గుడిలో పాటకు ముందు పుస్తకాలు తెరిచిన చప్పుడు వినిపిస్తుంది. వీళ్లకు పుస్తకమే లేదు, గోడ మీద తెల్లగుడ్డ పైన అక్షరాలు పడుతున్నాయి. చప్పట్లు కొడుతూ, కళ్లు మూసుకుని, చేతులు పైకెత్తి పాడుతున్నారు. నిజం చెప్పాలంటే మొదట నాకు తలనొప్పి వచ్చింది. మూడో పాటకు నా పాదం నాకు తెలియకుండానే కదులుతోంది.

నాన్నకు వెనకవైపు ఒక కుర్చీ వేశారు. ఆయన చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిటారుగా కూర్చున్నారు. ప్రసంగం చేసినతను సామ్యేలు. ముప్ఫై ఏళ్లుంటాయేమో, నల్గొండ జిల్లా వాడు, బ్యాంకు ఉద్యోగం వదిలి ఈ పని చేస్తున్నాడని ప్రసన్న చెప్పింది. బాగా మాట్లాడాడు. నాన్న ఒకటి రెండుసార్లు తల పంకించడం చూశాను.

తర్వాత ప్రభువు బల్ల, అంటే ఆయన చివరి భోజనం జ్ఞాపకంగా రొట్టె విరిచి ద్రాక్షరసం తాగే సమయం. వాళ్లకు అది ప్రతి ఆదివారం ఉంటుంది, మాకు నెలలో మొదటి ఆదివారమే. సామ్యేలు లేచి, విశ్వసించి నీటిలో మునిగి బాప్తిస్మం పొందినవాళ్లు మాత్రమే ఇందులో పాలుపొందాలని, మిగతావాళ్లు దయచేసి పళ్లెం పక్కకు అందించాలని చెప్పాడు. ప్రతివారం చెప్పే మాటే అయి ఉంటుంది. ఎవరూ కదల్లేదు. నేను మాత్రం పుట్టినప్పటి నుంచి గుడిలో పెరిగినదాన్ని, ఆ గదిలో ఉన్నట్టుండి బయటిదాన్నయ్యాను.

పళ్లెం మగవాళ్ల వరసలు దాటి వెనక కుర్చీ దగ్గరికి వచ్చింది. తెచ్చిన కుర్రాడు నాన్న నెరిసిన తల చూసి ఆగాడు. ఇవ్వాలో వద్దో తెలియక సామ్యేలు వైపు చూశాడు. నాన్న అతన్ని ఇబ్బంది పెట్టలేదు. రెండు చేతులూ జోడించి, రొట్టెకు నమస్కరించి, ముందుకు వెళ్లమని కళ్లతోనే చెప్పారు.

ఇటు వైపు నుంచి ప్రసన్న అంతా చూస్తోంది. పళ్లెం దాని ముందుకు వచ్చింది. అందుకుంది, ఒక క్షణం పట్టుకుంది, ఏమీ తీసుకోకుండా పక్కమ్మాయికి అందించింది. గిన్నె వచ్చినప్పుడూ అంతే చేసింది.

ఆరాధన అయ్యేసరికి బయట వాన దంచుతోంది. కిందికి దిగితే నాన్న చెప్పులు లేవు. అలాంటి తోలు చెప్పులే ఒక జత మిగిలి ఉన్నాయిగానీ అవి ఆయన పాదానికి చిన్నవి. ఎవరో తొందరలో మార్చుకుపోయారు. వీధిలో మోకాలి కింది దాకా నీళ్లు, ఆటోలు ఆగడం లేదు. ఆగిన ఒకడు చిక్కడపల్లికి చెప్పిన రేటుకు మా వైపు తెనాలి దాకా వెళ్లి రావచ్చు. "నడుద్దాం" అన్నారు నాన్న. ఆయన వట్టికాళ్లతో, ముగ్గురం ఒకే గొడుగు కింద నడిచాం. ప్రసన్న ఆయన వైపు గొడుగు వంచి తాను తడిసింది. 

కుళాయి దగ్గర

రత్నమ్మక్క ఇంటి ముందుకు వచ్చేసరికి నాన్న కాళ్లు పిక్కల దాకా బురద. బొటనవేలికి రాయి తగిలి రక్తం కారుతోంది. ఆయన అరుగు మీద కూలబడ్డారు. నేను చెంబు కోసం లోపలికి వెళ్లబోతుంటే, ప్రసన్న అప్పటికే కుళాయి పక్క డ్రమ్ములోంచి నీళ్లు ముంచి తెచ్చింది. మెట్టు మీద కూర్చుని ఆయన పాదం చేతిలోకి తీసుకుంది. ఆయన వెనక్కి లాక్కోబోయారు.

"ఉండు తాతయ్యా" అంది.

నీళ్లు పోస్తూ, వేళ్ల సందుల్లో బురద తీస్తూ, దెబ్బ తగిలిన చోట మెల్లగా తుడుస్తూ కడిగింది. సువార్తల్లో ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సన్నివేశం మా ముగ్గురికీ తెలుసు. 

నాన్నే అడిగారు.

"రొట్టె నువ్వెందుకు తీసుకోలేదు?"

"నీకు ఇవ్వలేదు కదా."

"నాకివ్వకపోవడం వాళ్ల నియమం. నీకేం వచ్చింది?"

"నువ్వలా కూర్చుని ఉంటే నాకు గొంతు దిగదు తాతయ్యా."

 ఆయన ఎంత తగ్గు గొంతుతో అన్నారంటే, వానలో నాకు సరిగా వినపడక దగ్గరికి జరిగాను.

"నా కోసం ఆ బల్ల మానుకోవద్దమ్మా. నేను మానుకుని రెండేళ్లయింది. అదెలా ఉంటుందో నాకు తెలుసు."

ప్రసన్న చేతిలో చెంబు ఆగిపోయింది. నాకు కూడా ఇది కొత్త మాటే. మా గుడిలో మొదటి ఆదివారం బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, గిన్నెలు సర్దేది ఆయనే. సర్దాక వెనక బెంచీలో కూర్చునేవారు. ఆడవాళ్ల వైపు ముందు వరసలో ఉండే నేను, మోకాళ్ల నొప్పికి వెనక కూర్చుంటున్నారు కాబోలు, చివరలో తీసుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం.

"నీ మీద కోపం పెట్టుకుని అక్కడ మోకరించలేకపోయాను" అన్నారు. "కోపం పోగొట్టమని ప్రార్థన చేశాను. ఇంట్లో కూర్చుంటే పోలేదు. కానుక బలిపీఠం దగ్గరే పెట్టి, ముందు వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. వెళ్లమన్నాడు, కబురు పంపమనలేదు. అందుకే వచ్చాను. పెద్దవాణ్ణి, నేను ముందే రావలసింది. నన్ను క్షమించమ్మా."

అది ఆయన తడిసిన మోకాళ్ల మీద తల పెట్టేసింది. ఏడుపు మధ్యలో అది అన్న మాటలు నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

"ఆ రోజు నేను వాదన గెలవాలనే అడిగాను తాతయ్యా. నీ చేతుల్లో ఉన్న పిల్లనే కదా నేనని ఆలోచించలేదు. నువ్వు అప్పుడు నన్ను దేవుడికి అప్పగించావు కాబట్టే, ఇప్పుడు నేనుగా ఆయన దగ్గరికి వెళ్లాననుకుంటున్నాను. నువ్వు చేసింది కొట్టేద్దామని నేను వెళ్లలేదు."

ఆయన దాని తడి జడ మీద చెయ్యి వేసి కూర్చున్నారు. గల్లీలో నీళ్లు పారుతున్నాయి. ఎదురింటి పిల్లలు అందులో కాగితాల పడవలు వదులుతున్నారు. లోపల్నుంచి రత్నమ్మక్క పసుపు పట్టుకుని వచ్చి, కాసేపు గుమ్మంలోనే నిలబడింది. ఇక ఆగలేక, "ఏడ్సింది సాలు, లోపల్కి రాండ్రి. ఏలుకు పసుపు పెట్టాలె, అన్నం సల్లారిపోతున్నది" అంది.

ఆ మధ్యాహ్నం ప్రసన్న రెండేళ్ల కబుర్లు ఒక్కపూటలో చెప్పింది. నేను మధ్యలో మాట మోయవలసిన అవసరం లేకపోయింది. చేతులు ఖాళీ అయినట్టుగా, హాయిగా, కొంచెం వింతగా కూడా ఉంది. నేను పడుకుని నిద్రపోయాను.

చెప్పులు తిరిగొచ్చాయి

సోమవారం పొద్దున సామ్యేలే వచ్చాడు, చేతిలో నాన్న చెప్పులు. మార్చుకుపోయిన కుర్రాడు సిగ్గుపడి ఇతని చేతికిచ్చాడట. చెప్పులు గుమ్మం దగ్గర పెట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా నిలబడ్డాడు.

"మాస్టారూ, నిన్న మీకు రొట్టె ఇయ్యలే. మా దగ్గర అది నియమం. పెద్దలందరు కూసోని పెట్టుకున్నది, నా ఒక్కనితోని మారేది కాదు. కాని మీరు దండం పెట్టి పంపిచ్చిన్రు చూడుండ్రి, అప్పట్నుంచి నా మనసు మనసుల లేదు."

నాన్న అతన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. తర్వాత ఇద్దరూ బాప్తిస్మం గురించి చాలాసేపు వాదించుకున్నారు. నేనైతే మళ్లీ గొడవ అవుతుందేమోనని వంటింట్లోంచి చెవి ఒగ్గి ఉన్నాను. గొంతులు లేచాయిగానీ కోపం లేవలేదు. ఎవరూ ఓడిపోలేదు, ఎవరూ మారలేదు. రత్నమ్మక్క ఇద్దరికీ ఉప్మా పెట్టింది. నాన్న అతని ఇంటి సంగతులు అడిగారు.

సామ్యేలు చెప్పాడు. బ్యాంకు ఉద్యోగం వదిలిన రోజు నుంచి వాళ్ల నాన్న అతనితో మాట్లాడటం లేదు. కష్టపడి చదివిస్తే రోడ్డున పడ్డావని ఆయన బాధ. దేవుని పిలుపును అర్థం చేసుకోలేదని ఇతని బాధ. ఊరికి వెళ్లి మూడేళ్లు దాటింది.

"మీ నాన్న రావాలని చూస్తున్నావా?" అని అడిగారు నాన్న.

 వెళ్లేటప్పుడు సామ్యేలు నాన్న ముందు తల వంచి, ప్రార్థన చెయ్యమని అడిగాడు. నాన్న చేశారు. బుధవారం ప్రసన్న వచ్చి, సామ్యేలన్న ఊళ్లో లేడు, నల్గొండ బస్సెక్కాడట అని చెప్పింది.

అశోక్‌నగర్ వెనక బస్తీ

అశోక్‌నగర్ మేడల వెనక, మురుగు నాలా వెంబడి ఒక బస్తీ ఉంది. మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చిన కూలీలు అక్కడ గుడిసెలు వేసుకుని ఉంటారు. పట్నంలో లేస్తున్న అపార్ట్‌మెంట్లు వాళ్ల చేతుల మీదుగానే లేస్తున్నాయి. ప్రసన్న వారంలో రెండు సాయంత్రాలు అక్కడి పిల్లలకు అక్షరాలు, బైబిలు కథలు చెబుతుంది. ఈ సంగతి మాకు ఎప్పుడూ చెప్పలేదు. గురువారం తాతయ్యను కూడా తీసుకెళ్లింది.

పిల్లలు పాట పాడారు, చేతులూ కాళ్లూ ఆడిస్తూ. తర్వాత ప్రసన్న, ఇవాళ కథ మా తాతయ్య చెబుతాడు అంది. నాన్న తప్పిపోయిన నాణెం కథ ఎత్తుకున్నారు. నలభై ఏళ్లు బడిలో చెప్పిన మనిషి, గొంతు ఇంకా తగ్గలేదు. ఆ స్త్రీ దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చి వెతికిందని చెబుతుంటే, పనిలోంచి అప్పుడే వచ్చిన బాలమ్మ అనే ఆవిడ తట్ట దించి అక్కడే నిలబడిపోయింది.

"నా కాలి మట్టె గిట్లనే ఇసుకల పడ్డది పెద్దయ్యా" అంది. "మేస్త్రి తిట్టినా ఇనలే. జల్లెడ పట్టి పట్టి దేవులాడి తీసిన. దొరికినంక అందరికి చాయ్ తాగిపిచ్చిన."

నాన్న ఆవిణ్ణి చూసి, ఆ కథలో ఆడమనిషి కూడా అచ్చం ఇలాగే ఇరుగుపొరుగును పిలిచిందమ్మా అన్నారు. బాలమ్మకు అది చాలా నచ్చింది. పొయ్యి మీద అప్పటికప్పుడు జొన్నరొట్టె కాల్చి, పచ్చిమిరపకాయల కారంతో మాకు పెట్టింది. రొట్టె చేత్తో తట్టే ఆ వేగం చూస్తూ కూర్చోవచ్చు. కారం మాత్రం గుంటూరు మనుషులమని గొప్పకు పోయి నేను ఎక్కువ అద్దుకున్నాను, కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. పిల్లలు నన్ను చూసి విరగబడి నవ్వారు. నాన్న, ప్రసన్న కూడా.

తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడింది. నాన్న దాని భుజం పట్టుకుని నడుస్తూ, ఇన్నాళ్లూ ఈ పిల్ల మనల్ని వదిలి ఎటో వెళ్లిపోయిందనుకున్నాను సరోజా అన్నారు నాతో. 

రెండో ఆదివారం

శుక్రవారానికి తిరుగు ప్రయాణం అనుకున్నవాళ్లం ఆదివారం దాకా ఆగాం. అది నెలలో మొదటి ఆదివారం. రత్నమ్మక్క వెళ్లే రాతి గోడల పాత గుడిలో ఆ రోజు బల్ల ఉంది. మాలాంటివాళ్లకు అక్కడ అడ్డంకి లేదు. ప్రసన్న తానూ వస్తానంది. మీ సహవాసంలో ఏమన్నా అంటారేమో అన్నాను. "అంటే చెబుతాను అమ్మా, మా తాతయ్యతో వెళ్లానని" అంది.

పొద్దున నాన్న ఏమీ తినలేదు, టీ కూడా ముట్టలేదు. ఉతికిన పంచె కట్టుకుని అందరికంటే ముందు తయారై కూర్చున్నారు. గుడిలో ఆర్గన్, నిదానంగా సాగే కీర్తనలు, పుస్తకాలు తిరిగే చప్పుడు. ప్రసన్నకు మాటలన్నీ నోటికి వచ్చు, చిన్నప్పుడు ఆయన నేర్పినవే. కళ్లు మూసుకుని చేతులెత్తి పాడబోయి, చుట్టూ చూసి దించేసింది. నాన్న అది గమనించి, "నీ అలవాటు ప్రకారం పాడు తల్లీ, పాట ఒకటే కదా" అన్నారు. అది ఒక్క చెయ్యి ఎత్తింది.

పిలుపు వచ్చాక ముగ్గురం ముందుకు వెళ్లాం. బల్ల ముందున్న కటకటం దగ్గర మోకరించడానికి నాన్నకు కష్టమైంది. ప్రసన్న మోచెయ్యి పట్టుకుని మెల్లగా దించి, ఆయన పక్కనే మోకరించింది. అయ్యగారు రొట్టె తెచ్చినప్పుడు నాన్న అరచెయ్యి చాపారు. అయ్యగారికి ఏమీ తెలియదు, ఎవరో ఊరి నుంచి వచ్చిన పెద్దాయన అనుకుని ఉంటారు. రొట్టె ఆ అరచేతిలో పెట్టి ముందుకు కదిలారు. నాన్న వెంటనే తినలేదు. ప్రసన్నకు కూడా అందేవరకు ఆగారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి తిన్నారు. నేను తల వంచుకుని చూస్తున్నాను. చూడకూడదని తెలుసు, చూశాను.

బయటికి రాగానే నాకు చాలా ఆకలేస్తోంది అన్నారాయన. నారాయణగూడలో ఒక హోటల్లో కూర్చుని రెండు మసాలా దోసెలు, ఒక వడ తిన్నారు. ఆ వయసుకు అది మంచిది కాదని రత్నమ్మక్క నర్సు గొంతుతో మందలించింది, తన వడ కూడా ఆయన ప్లేటులోనే వేసింది. అక్కడే ప్రసన్న సామ్యేలు సంగతి చెప్పింది. శనివారం తిరిగొచ్చాడట. వాళ్ల నాన్న మొదటి పూట మాట్లాడలేదు, రెండో పూట పొలానికి వెంట తీసుకెళ్లాడు, వచ్చేటప్పుడు కందిపప్పు మూట ఇచ్చి పంపాడు. ఉద్యోగం సంగతి ఇద్దరూ ఎత్తలేదట. నాన్న అంతా విని, పప్పు ఇచ్చాడంటే మళ్లీ రమ్మన్నట్టే అన్నారు.

సికింద్రాబాద్ స్టేషన్

రైలు కదలడానికి ఇంకా వ్యవధి ఉంది. కిటికీ పక్కన నాన్న, ఎదురుగా నేను, మధ్యలో ప్రసన్న నిలబడి మంచినీళ్ల సీసా ఎక్కడ పెట్టాలా అని చూస్తోంది. మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా నాన్న ప్రార్థన చేసి పంపుతారు. ప్రసన్న అలవాటుగా తల వంచి ఆయన ముందు నిలబడింది.

ఆయన చెయ్యి ఎత్తలేదు. "ఇవాళ నువ్వు చెయ్యి" అన్నారు.

"నేనా?"

"ప్రయాణమయ్యేది నేను కదా. పంపించేది నువ్వు."

అది నా వైపు చూసింది. పెట్టె నిండా జనం. అప్పటికే ఎదురు బెర్తు మీద ఒకామె పులిహోర పొట్లం విప్పుతోంది. ప్రసన్న కొంచెం తటపటాయించి, తాత తల మీద చెయ్యి వేసి, వాళ్ల సహవాసంలో చేసినట్టే పైకే, గట్టిగానే ప్రార్థన మొదలుపెట్టింది. ఆయన మోకాళ్ల కోసం, మా ఊరి గుడి కోసం, తన పరీక్ష కోసం, బస్తీ పిల్లల కోసం. చివర్లో, చిన్నప్పుడు నన్ను ఎత్తుకున్న ఈ చేతుల కోసం నీకు స్తోత్రం అంది. నాన్న ఆమెన్ అన్నారు. పులిహోర పొట్లం ఆమె కూడా చేతులు జోడించి ఉంది.

ప్రసన్న దిగింది, రైలు కదిలింది. నాన్న ఎప్పుడూ కొబ్బరినూనె రాసి, పాపిడి తీసి, వెంట్రుక చెదరకుండా దువ్వుకునే మనిషి, జేబులో దువ్వెన లేకుండా గడప దాటరు. ప్రసన్న చెయ్యి పడి ఆ జుట్టంతా చెరిగిపోయి పైకి లేచింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఊరి దీపాలన్నీ వెనకబడి, నేను పక్క పరిచి పడుకోమని చెప్పేదాకా అలాగే కూర్చుని ఉన్నారు.